కొబ్బరి చిప్పలతో తేలిక కాంక్రీటు బ్లాకులు: చిప్ప ఏరడం నుంచి గోడ కట్టడం వరకు

కంకర బదులు కొబ్బరి చిప్పల ముక్కలు వేసి తేలికైన బ్లాకులు పోయవచ్చా అని అడిగేవారు పెరిగారు. పోయవచ్చు. అయితే అలా అడిగినవారిలో చాలామంది అప్పటికే ఒకసారి పోసి చూసినవారే. బ్లాకు మరునాటికి గట్టిపడలేదని ఒకరు, అంచులు రాలిపోతున్నాయని ఒకరు, అనుకున్నంత తేలిక కాలేదని ఇంకొకరు చెబుతారు.

ఈ మూడు ఫిర్యాదులూ ఎక్కువగా ఒకే చోటికి చేరతాయి: చిప్పను సిద్ధం చేయకుండా నేరుగా మిక్సరులో పడేయడం. పోత పని ఏ తాపీ మేస్త్రీకైనా వచ్చు. చిప్పకు ఎంత నీరు పట్టించాలి, దానిలోని తీపిని ఎలా వదిలించాలి అన్నదే కొత్తగా నేర్చుకోవలసిన విషయం. అందుకే ఈ మార్గదర్శిలో ఆ భాగాన్ని సాగదీసి చెబుతాను, మిగతావి తొందరగా ముగిస్తాను.

## 1. ముందు తేల్చుకోవలసినవి

మామూలు కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 2400 కిలోలు తూగుతుంది. చిప్ప కాంక్రీటు 1800 నుంచి 2000 కిలోల మధ్య ఉంటుంది. అంటే 400 × 200 × 100 మి.మీ. ఘన బ్లాకు 19 కిలోలకు బదులు 15 కిలోల దగ్గర ఆగుతుంది. బ్లాకుకు నాలుగు కిలోలు తగ్గడం మోసే కూలీకీ, కింద ఉన్న శ్లాబుకూ పెద్ద తేడాయే.

వాడదగిన చోట్లు: గదుల మధ్య అడ్డగోడలు, డాబా మీద పిట్టగోడ, పై అంతస్తులో కొత్తగా వేసే గది గోడలు, ప్రహరీలో నేల తడి తగలని పై భాగం.

వాడకూడని చోట్లు:

- పునాది, పునాది మట్టానికి కింద ఉండే గోడ
- నీటి తొట్టి, సెప్టిక్ ట్యాంకు, స్నానాల గది నేల కింద నింపే పొర
- పొయ్యి, బట్టీ, పొగగొట్టం చుట్టూ కట్టే గోడ
- ఇంజనీరు లెక్క లేకుండా పోసే శ్లాబు, దూలం, స్తంభం

చిప్ప చెట్టు నుంచి వచ్చిన పదార్థం. నిరంతరం తడిలో నానే చోటికీ, నేరుగా మంట తగిలే చోటికీ అది తగదు. శ్లాబుల సంగతి అడిగేవారికి ఒక్క మాట: ఇనుము పెట్టి పోసే పనికి ఈ కాంక్రీటు మీద ప్రయోగశాల పరిశోధన జరిగింది, నిజమే. ఆ పరిశోధన మీ ఇంటి దూలానికి అనుమతి పత్రం కాదు.

మరో లెక్క కూడా ముందే వేసుకోండి. చిప్పలు తేలిక, కానీ లారీ నిండా చోటు ఆక్రమిస్తాయి. కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కలో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట వైపో ఉన్నవారికి సరుకు చేతికందే దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి వందల కిలోమీటర్లు తెప్పించుకుంటే డబ్బూ పోతుంది, డీజిలు కాల్చి పర్యావరణానికి మేలు చేశామన్న మాటా నిలవదు. అలాగే మంచి చిప్పకు బొగ్గు బట్టీల వాళ్లు ధర ఇస్తారు. వాళ్లు తీసుకోని విరిగిన చిప్ప, చిన్న ముక్కలు అడగండి. మనకు ఎలాగూ పగలగొట్టినదే కావాలి.

## 2. ఎలాంటి చిప్ప తీసుకోవాలి

ఎండు కొబ్బరి తీసిన చిప్ప మొదటి ఎంపిక. కాయ నెలల తరబడి ఎండి ఉంటుంది కాబట్టి చిప్ప లోపలి గోడకు కొబ్బరి అంటుకొని ఉండదు.

గుడి దగ్గరా, హోటళ్ల దగ్గరా దొరికే పచ్చి చిప్పకు లోపల కొబ్బరి పొరలు, కొబ్బరినీటి తీపి మిగిలి ఉంటాయి. వీటిని వాడాలనుకుంటే కొన్ని వారాలపాటు ఆరుబయట ఎండకు వదిలేసి, మధ్యమధ్య తిరగేసి, పొర మొత్తం ఎండి ఊడిపోయాక మాత్రమే తీసుకోండి. బొండాల డొక్కలు ఈ పనికి అసలు పనికిరావు. వాటిలో చిప్ప ఇంకా ముదరలేదు.

సరుకు దింపుకొనేటప్పుడు చూడవలసినవి:

- ముదురు గోధుమ రంగు, వేలితో కొడితే ఖణీమనే చప్పుడు
- పుల్లని వాసన, బూజు లేకపోవడం
- లోపల కొబ్బరి పొర లేకపోవడం
- పైన పీచు కుచ్చులు తక్కువగా ఉండటం
- మట్టి, ఉప్పునీరు తగిలి ఉండకపోవడం (సముద్రపు ఒడ్డున కుప్ప పోసిన చిప్ప వద్దు)

## 3. చిప్పను సిద్ధం చేయడం

ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత ఎంత సిమెంటు పోసినా దిద్దుకోలేరు.

3.1 పీచు తీయడం. గట్టి తీగ బ్రష్షుతోనో, కత్తి వెనుక వైపుతోనో పీచు గీకెయ్యండి. పీచు మిగిలితే సిమెంటు చిప్పకు బదులు పీచును పట్టుకుంటుంది. పీచు ఊడితే సిమెంటూ ఊడుతుంది.

3.2 పగలగొట్టడం. కొద్దిగా అయితే గోనె సంచిలో పోసి సుత్తితో కొట్టవచ్చు. ఎక్కువైతే సుత్తుల మిల్లు కావాలి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా మిల్లు దగ్గరకు ఎవరినీ పోనివ్వకండి. చిప్ప పెచ్చు కంటికి తగిలితే చాలా ప్రమాదం. చిప్ప పొడి తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో బీడీ, నిప్పు ఉండకూడదు.

3.3 జల్లించడం. 12.5 మి.మీ. జల్లెడలో నుంచి దిగి, 4.75 మి.మీ. జల్లెడ మీద నిలిచినది మాత్రమే వాడాలి. పెద్ద ముక్కలకు గిన్నెలా వంపు ఉంటుంది. ఆ వంపు కింద గాలి చిక్కుకుపోతుంది, అక్కడే బ్లాకు బలహీనపడుతుంది. 12 మి.మీ. లోపు ముక్కలకు వంపు దాదాపు పోతుంది. పొడిని పొలానికో పొయ్యికో పంపండి. ఇసుకలో కలిపితే నీరంతా అదే తాగుతుంది.

3.4 కడగడం. తొట్టిలో పోసి పారతో కలియదిప్పండి. పీచు, పొట్టు, కొబ్బరి తునకలు పైకి తేలతాయి. వాటిని జల్లిగంటెలాంటిదానితో తీసి పారేయండి. మంచి చిప్ప ముక్క నీటికన్నా కొంచెం బరువు. దాని సాపేక్ష సాంద్రత 1.05 నుంచి 1.2 దాకా ఉంటుంది. కాసేపు నానాక అది మునుగుతుంది. మొండిగా తేలుతూనే ఉన్న ముక్కకు పీచో, పొరో అంటి ఉందని అర్థం. దాన్ని కూడా తీసేయండి. నీరు తేటగా వచ్చేదాకా కడుగుతూ ఉండాలి.

3.5 తీపి వదిలించడం. చక్కెర రవ్వంత కలిసినా సిమెంటు గట్టిపడటం మందగిస్తుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. పచ్చి చిప్ప వాడేవారు ఒక రాత్రంతా సున్నపు తేటలో నానబెట్టి, మరునాడు మంచినీళ్లతో మళ్లీ కడగండి. చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి. ఎండు కొబ్బరి చిప్పకు మామూలుగా మంచినీళ్ల కడుగు చాలు, కానీ కింది పరీక్ష రెండింటికీ చేయాలి.

3.6 బిళ్ల పరీక్ష. కడిగిన చిప్పను మంచినీళ్లలో ఒక రోజు ఉంచి ఆ నీటిని వడకట్టండి. పిడికెడు సిమెంటును ఆ నీటితో, మరో పిడికెడు సిమెంటును మామూలు నీటితో కలిపి రెండు బిళ్లలు చేయండి. రెండింటినీ ఒకే నీడలో, ఒకే తడి గుడ్డ కింద ఉంచండి. మరునాడు గోటితో గీకి చూడండి. రెండూ ఒకేలా గట్టిగా ఉంటే చిప్ప సిద్ధం. చిప్పనీటి బిళ్ల మెత్తగా ఉంటే మళ్లీ కడుగు మొదలుపెట్టాలి. ప్రయోగశాల అందుబాటులో ఉంటే అక్కడ సిమెంటు పట్టుకొనే సమయం చూపించండి. శుద్ధమైన నీటితో వచ్చే సమయానికీ, వాడబోయే నీటితో వచ్చే సమయానికీ 30 నిమిషాలకు మించి తేడా ఉండకూడదని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 చెబుతుంది.

3.7 నానబెట్టడం. ఈ ప్రక్రియ మొత్తానికి గుండెకాయ ఇదే. చిప్ప తన బరువులో సుమారు 24 శాతం నీరు పీల్చుకుంటుంది. కంకర ఒకటి రెండు శాతం కూడా దాటదు. ఒక బస్తా సిమెంటు పోతకు కావలసిన చిప్పను పొడిగా వేస్తే అది 6 లీటర్లకు పైగా నీరు తాగేస్తుంది. ఆ పోతకు మనం పోసేదే 21 లీటర్లు! మిక్సరులో మాలు కళ్లముందే ఎండిపోతుంది. మేస్త్రీ కంగారుపడి ఇంకో బకెట్టు పోస్తాడు. ఆ బకెట్టు కొంత చిప్పకు, కొంత సిమెంటుకు పోతుంది. ఎంత ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అందుకే పోతకు ముందు 24 గంటలు నీటిలో మునిగేలా ఉంచాలి.

3.8 పైతడి ఆర్చడం. నానిన చిప్పను నీడలో గోనె పట్టా మీద పలుచగా పరచండి. లోపల తడి నిండుగా ఉండాలి, పైన మాత్రం మెరుపు పోవాలి. గుప్పెడు తీసి పాత వార్తాపత్రిక మీద పోసి చూడండి. కాగితం తడిసి మచ్చ పరుచుకుంటే ఇంకా ఆరాలి. ముక్క రంగు లేతబడి పొడిబారినట్లు కనిపిస్తే ఎక్కువ ఆరింది, మళ్లీ నీళ్లు చల్లాలి. ఆ స్థితికి రాగానే తడి గోనెపట్టా కప్పి, ఆ పూటే వాడేయండి.

## 4. సిమెంటు, ఇసుక, నీరు

సిమెంటు: 43 లేదా 53 గ్రేడు సాధారణ సిమెంటు మేలు. పీపీసీ (బొగ్గు బూడిద కలిసిన సిమెంటు) కూడా నడుస్తుంది, కానీ తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి అచ్చు విప్పాక బ్లాకును ఎక్కువ జాగ్రత్తగా కదపాలి.

ఇసుక: 4.75 మి.మీ. జల్లెడ దిగిన నది ఇసుక లేదా కడిగిన రాతి ఇసుక. తడి ఇసుకతో పెట్టె కొలత మోసం చేస్తుంది. కొద్ది తడికే ఇసుక పొంగి, పెట్టె నిండినట్లు కనిపించినా అసలు ఇసుక పాతిక శాతం దాకా తగ్గవచ్చు. వీలైతే తూచండి. లేకపోతే ఎండిన ఇసుకతో కొలవండి.

నీరు: తాగదగిన నీరు. తీర ప్రాంతంలో ఉప్పు బోరు నీరు వాడకండి.

## 5. పాళ్లు

ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే పాళ్లు కాట్టాంకుళత్తూర్‌లోని ఎస్ఆర్ఎం విశ్వవిద్యాలయంలో గుణశేఖరన్ బృందం చేసిన పని నుంచి వచ్చాయి. బరువులో సిమెంటు 1, ఇసుక 1.47, చిప్ప 0.65, సిమెంటుకు 0.42 వంతు నీరు. 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు సుమారు 26 న్యూటన్ల బలం వచ్చింది.

పాళ్లు అ (50 కిలోల బస్తాకు):

- ఎండు ఇసుక 73 కిలోలు
- పైతడి ఆరిన చిప్ప 33 కిలోలు
- నీరు 21 లీటర్లు
- వచ్చే బ్లాకులు: 400 × 200 × 100 మి.మీ. కొలతలో 12

ఇందులో ఘనమీటరుకు 510 కిలోల సిమెంటు పడుతుంది. అడ్డగోడకు ఇది అవసరానికి మించినది. సిమెంటు తయారీలోనే ఎక్కువ కర్బనం వెలువడుతుంది కాబట్టి, కంకర మిగిల్చి సిమెంటు గుమ్మరిస్తే మనం చేసిన మేలు అక్కడే కరిగిపోతుంది. అందుకే బ్లాకులకు ఇంకాస్త పలుచని పాళ్లు చూడాలి.

పాళ్లు ఆ (కొలత పెట్టెలతో, పెట్టె 35 లీటర్లు, అంటే ఒక బస్తా సిమెంటు పట్టేది):

- సిమెంటు ఒక బస్తా
- ఎండు ఇసుక రెండు పెట్టెలు
- పైతడి ఆరిన చిప్ప రెండు పెట్టెలు
- నీరు 24 లీటర్లతో మొదలు, అవసరమైతే మరో లీటరు
- వచ్చే బ్లాకులు: అదే కొలతలో 14 లేదా 15

ముందు పాళ్లు అ తో కొన్ని ఘనాలు (బలం పరీక్షకు పోసే 150 మి.మీ. ముక్కలు), పాళ్లు ఆ తో కొన్ని ఘనాలు పోయండి. అ కూడా బలం ఇవ్వకపోతే తప్పు పాళ్లలో లేదు, చిప్పలోనో నీటిలోనో ఉంది. అ బాగుండి ఆ బలహీనంగా వస్తే ఇసుక, చిప్ప చెరో పావు పెట్టె తగ్గించి మళ్లీ చూడండి. ఈ క్రమం వదిలేసి ప్రతి లోపానికీ సిమెంటు పెంచడం నాకు ఏమాత్రం నచ్చని అలవాటు. అసలు కారణం దాని కింద దాక్కుంటుంది.

## 6. కలపడం

ఇక్కడ వరుస ముఖ్యం. చిప్ప లోపలి వైపు నున్నగా ఉంటుంది కాబట్టి ముందు దానికి సిమెంటు పూత పట్టించాలి.

1. మిక్సరు డ్రమ్మును తడిపి, నీరు వంపేయండి.
2. చిప్ప మొత్తం, నీటిలో మూడో వంతు వేసి అర నిమిషం తిప్పండి.
3. సిమెంటు వేసి ఒక నిమిషం తిప్పండి. ప్రతి ముక్కా బూడిద రంగులోకి మారాలి.
4. ఇసుక, మిగిలిన నీటిలో ఎక్కువ భాగం వేసి రెండు నిమిషాలు తిప్పండి.
5. ఆగి చూడండి. అవసరమైతేనే మిగిలిన నీరు పోయండి.

గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకూడదు. అరచేయి తెరిచాక ముద్ద విరిగి రాలితే పొడి ఎక్కువ. చేతికి సిమెంటు పాలు అంటితే నీరు ఎక్కువ.

చేత్తో కలిపేవారు ఇనుప రేకు మీద కలపండి, మట్టి నేల మీద వద్దు. ముందు సిమెంటు, ఇసుక పొడిగా కలిపి, మధ్యలో గుంట చేసి, అక్కడే చిప్పను కొద్ది నీటితో పూత పట్టించి, తర్వాత అంతా తిరగెయ్యాలి. నీరు పోసిన అరగంటలో మాలు అచ్చులోకి చేరాలి.

## 7. పోత

ఇనుప అచ్చుకు లోపల పలుచగా నూనె రాయండి. మాలును రెండు పొరలుగా వేసి, ప్రతి పొరనూ దిమ్మెసతో దట్టించండి. మూలల్లో కడ్డీతో పొడవండి, అంచులు రాలేది అక్కడి నుంచే.

కంకర పోతకు అలవాటుపడిన చేతికి ఇక్కడ ఒక విషయం తలకిందులుగా ఉంటుంది. మామూలు కాంక్రీటును ఎక్కువగా అదిరిస్తే కంకర కిందికి దిగుతుంది. చిప్ప కాంక్రీటును ఎక్కువగా అదిరిస్తే చిప్ప పైకి తేలుతుంది, సిమెంటు పాలు కిందికి దిగుతాయి. కంపించే బల్ల ఉంటే 15 నుంచి 20 సెకన్లు చాలు. పైన సిమెంటు తడి మెరుపు కనిపించగానే ఆపేయండి. ఆ మెరుపులో చిప్ప ముక్కలు తేలుతూ కనిపిస్తే అప్పటికే ఆలస్యమైంది.

గట్టి మాలు అయితే అచ్చు వెంటనే పైకి లాగవచ్చు. మెత్తని మాలు అయితే 24 గంటలు అచ్చులోనే ఉంచండి. బ్లాకు మీద పోసిన తేదీ, పాళ్లు అ నా ఆ నా అన్నది గీయడం మరచిపోకండి.

## 8. తడపడం, ఆరబెట్టడం

మొదటి 24 గంటలు: నీడ, పైన పాలిథీన్ పట్టా. కదపడం, పేర్చడం వద్దు.

2వ రోజు నుంచి 14వ రోజు దాకా: గోనె పట్టాలు కప్పి రోజంతా తడిగా ఉంచండి. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10 రోజులు తడపాలని ఐఎస్ 456 చెబుతుంది. బూడిద కలిసిన సిమెంటుకు ఆ అంకెలు 10, 14. మన వేసవి సంగతి తెలిసిందే కాబట్టి అందరూ 14 రోజులు పెట్టుకోవడం మంచిది.

15వ రోజు నుంచి 28వ రోజు దాకా: నీడలో, బ్లాకుకూ బ్లాకుకూ మధ్య గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టండి. ఈ పక్షం రోజులను ఎవరూ లెక్కచేయరు. చిప్ప తనలో దాచుకున్న నీటిని నెమ్మదిగా వదులుతుంది. లోపలి సిమెంటుకు అది మంచిదే, కానీ నీరు పోయేకొద్దీ బ్లాకు కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకుపోవడం పేర్పులోనే జరిగిపోవాలి. గోడలో జరిగితే సన్నని పగుళ్లు వస్తాయి.

## 9. తూకం, పరీక్ష

150 మి.మీ. ఘనాన్ని తూచితే చాలా సంగతులు తెలుస్తాయి. మామూలు కాంక్రీటు ఘనం 8 కిలోలు దాటుతుంది. చిప్ప ఘనం 6 నుంచి 6.7 కిలోల మధ్య ఉండాలి. 7 కిలోలు దాటితే ఇసుక ఎక్కువైంది లేదా చిప్ప తక్కువైంది. 6కు బాగా తక్కువైతే లోపల గాలి గుంతలు ఉన్నాయి.

బలం పరీక్షకు దగ్గరలోని పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ కళాశాల సివిల్ విభాగాన్ని అడగండి. 7 రోజులకు మూడు, 28 రోజులకు మూడు ఘనాలు ఇవ్వండి. వాటితోపాటు అసలు బ్లాకులను కూడా పరీక్షకు పంపండి. బరువు మోసే మామూలు ఘన బ్లాకులకు ఐఎస్ 2185 మొదటి భాగం చదరపు మిల్లీమీటరుకు సగటున 4 నుంచి 5 న్యూటన్లు అడుగుతుంది; తేలిక బ్లాకుల ప్రమాణం అదే ఐఎస్ 2185 రెండో భాగంలో ఉంది. అడ్డగోడకైనా సరే, 28 రోజుల బ్లాకు 5 దాటేదాకా అమ్మకానికి పెట్టకండి.

## 10. తేడా వస్తే

మరునాటికీ మెత్తగానే ఉంది. చిప్పలో తీపి ఉంది. ఆ బ్లాకులు పక్కన పెట్టండి. కొన్ని రోజులకు గట్టిపడినా గోడకు వాడవద్దు, దారి మీద పరచుకోవచ్చు. మిగిలిన చిప్పకు 3.5, 3.6 మళ్లీ చేయండి.

అచ్చు తీయగానే అంచు రాలుతోంది. మాలు పొడిబారింది, లేదా 12.5 మి.మీ. దాటిన ముక్కలు కలిశాయి, లేదా పీచు మిగిలింది. విరిగిన అంచును పరిశీలిస్తే కారణం అక్కడే కనిపిస్తుంది.

విరిగిన చోట చిప్ప నున్నగా ఊడి వచ్చింది. సిమెంటు పూత పట్టలేదు. కలిపే వరుస సరిచూసుకోండి. చిప్ప మీద నీటి మెరుపు ఉండగానే వేశారేమో చూడండి. చిప్ప ముక్కే విరిగి ఉంటే మాత్రం పట్టు బాగున్నట్లు.

మాలు మిక్సరులోనే బిగుసుకుంటోంది. చిప్ప సరిగా నానలేదు. నీరు పోయకండి. ఆ దఫాను త్వరగా వాడేసి, తర్వాతి దఫాకు చిప్పను మళ్లీ నానబెట్టండి.

పై ముఖాన చిప్పలు, కింది ముఖాన సిమెంటు. నీరు ఎక్కువ, అదిరించడం ఎక్కువ. రెండూ తగ్గించాలి.

వెంట్రుకంత పగుళ్లు. మొదటి రోజు గాలికి, ఎండకు ఆరింది. పట్టా ముందే కప్పండి.

## 11. ఊక బూడిద కలపాలనుకుంటే

బియ్యం మిల్లుల వెనుక గుట్టలుగా పడి ఉండే ఊక బూడిదతో సిమెంటు కొంత తగ్గించవచ్చు. అయితే బ్లాకులు నిలకడగా వచ్చాకే దీని జోలికి పోండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఏం చేసిందో తేలదు.

- ఊకను 700 డిగ్రీల సెల్సియస్ లోపు అదుపులో కాల్చిన బూడిద మంచిది. అంతకు మించిన వేడిలో అందులోని సిలికా స్ఫటికంగా మారి, సున్నంతో కలిసే గుణం కోల్పోతుంది.
- లేత బూడిద రంగు కావాలి. నల్లగా ఉంటే కాలని బొగ్గు మిగిలిందని అర్థం. అది నీటిని విపరీతంగా పీలుస్తుంది.
- మెత్తగా రుబ్బాలి. రుబ్బేటప్పుడు మాస్కు వదలకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.
- సిమెంటు బరువులో 10 శాతంతో మొదలుపెట్టండి: బస్తాకు 45 కిలోల సిమెంటు, 5 కిలోల బూడిద.
- పీపీసీలో అప్పటికే బొగ్గు బూడిద ఉంటుంది. ఊక బూడిదను సాధారణ సిమెంటుతోనే కలపండి.
- తడపడం 14 రోజులకు తగ్గకూడదు.

## 12. కొబ్బరి దొరకని చోట

పామాయిల్ గింజ చిప్ప ఇదే పనికి వస్తుంది. మలేసియాలో దీనితో కాంక్రీటు మీద ఎంతో కాలంగా పని జరుగుతోంది. మనకు పెదవేగి, అశ్వారావుపేట వైపు పామాయిల్ మిల్లులు ఉన్నాయి. మిల్లులు ఈ చిప్పను బాయిలర్లలో కాల్చుకుంటాయి కాబట్టి ముందు మాట్లాడుకోవాలి. పద్ధతి అంతా ఇదే. ఒక్క తేడా, చిప్పకు నూనె పూత ఉంటుంది. సబ్బుపొడి నీటితో కడిగి, నురగ పూర్తిగా పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.

వేరుశనగ పొట్టు గురించి అనంతపురం నుంచి అడుగుతుంటారు. అది మెత్తన, నీరు విపరీతంగా పీల్చుతుంది. కంకర స్థానంలో పెడితే గోడకు తగిన బ్లాకు రాదు. దాన్ని ఇంధనంగానో ఎరువుగానో వాడుకోవడమే మేలు.

## 13. గోడ కట్టేటప్పుడు

- 28 రోజులు నిండని బ్లాకు కట్టవద్దు.
- కట్టే ముందు బ్లాకును తొట్టిలో ముంచవద్దు. అతికే ముఖం మీద కాసిన్ని నీళ్లు చల్లితే చాలు. ముంచితే పక్షం రోజులు ఆరబెట్టిన పని వృథా.
- మాలు 1:6 పాళ్లలో (సిమెంటు 1, ఇసుక 6), అతుకు 10 మి.మీ. మందం. మాలులో సిమెంటు ఎక్కువైతే బ్లాకుకన్నా అతుకు గట్టిపడి, పగులు బ్లాకులోకి వస్తుంది.
- రోజుకు ఒక మీటరు ఎత్తుకు మించి లేపవద్దు.
- కాంక్రీటు స్తంభం, గోడ కలిసే చోట ప్లాస్టరు కింద కోళ్ల గూటి వల పరవండి.
- గోడ కట్టిన తర్వాత కనీసం రెండు వారాలు ఆగి ప్లాస్టరు చేయండి. పైకి కనిపిస్తున్న చిప్ప ముక్కల మీద ముందు పలుచని సిమెంటు నీళ్లు కొట్టి, అవి తడిగా ఉండగానే ప్లాస్టరు వేయాలి.
- బరువైన అలమరా, గీజరు తగిలించే చోట మామూలు కాంక్రీటు బ్లాకు రెండు వరుసలు పెట్టించుకోండి. ఎక్కడ తగిలిస్తారో కట్టుబడికి ముందే మేస్త్రీకి గీత గీసి చూపించాలి.